అందఱికి వైద్యము – అడ్డు చెప్పువారి వాదములు

అందఱికిని మేలైన వైద్యము ప్రజాధనముతో లభింపవలెనని సభలో ఎవరైన చెప్పినచో కాదనువారు కానరారు. చప్పట్లు కూడ మ్రోగును. ఆ చప్పట్లు కొట్టినవారే యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండి, "అది జరుగు పని కాదు, జరిగినను మనబోటివారికి పనికిరాదు" అందురు. సార్వజనిక వైద్యమునకు ప్రతిపక్షము మన తెలుగునాట శాసనసభలో కంటె మన యిండ్లలో బలముగా నున్నది. అది జెండా పట్టుకొని ఊరేగదు గనుక దానికి బదులు చెప్పవలెనను తలంపే యెవరికిని కలుగదు. రంగారెడ్డి జిల్లా మంచాలలో ఉపాధ్యాయవృత్తియందున్న మాకు ఈ వాదములు నిత్యము చెవిని పడుచుండును. గ్రంథమును విమర్శించునట్లే వానిని ఒక్కొక్కటిగా విమర్శింపవలెనని మా యుద్దేశము. పూర్వపక్షమును బలహీనముగా చెప్పి గెలుచుట శాస్త్రమర్యాద కాదు. కావున ప్రతిపక్షుల బలమైన మాటతోడనే ఆరంభింతము.

ఆ బలమైన మాట మా ప్రాంతమున 2022వ సంవత్సరము ఆగస్టు నెలలో పుట్టినది. ఆ నెల 25వ తేదీన ఇబ్రహీంపట్నము ప్రభుత్వాసుపత్రిలో కుటుంబనియంత్రణ శిబిరము జరిగెను. ఆ ఒక్క దినమున 34 మంది స్త్రీలకు, పొట్టపై రెండు చిన్న రంధ్రములు చేసి గొట్టముద్వారా గర్భనాళములను బిగించు శస్త్రచికిత్స చేసిరి. వచ్చినవారు ఇబ్రహీంపట్నము, మంచాల, మాడ్గుల మొదలగు చోట్ల పల్లెల ఆడువారు. కొలది దినములలోనే వారిలో నలుగురు మరణించిరి. తక్కినవారిని హైదరాబాదు ఆసుపత్రులకు తరలించి చికిత్స చేయించిరి. ప్రభుత్వము విచారణ జరిపించెను. క్రిములు సోకుటయే హేతువని తేలెను. సోకకుండ పాటింపవలసిన జాగ్రత్తలలో లోపము కనబడెను. అధికారులు పలువురిపై చర్యయు తీసికొనబడెను.

"సర్కారు దవాఖానకు పోతే ఏమైతదో చూసినం గద సారూ" అను మాట నాటినుండి మా యూళ్లలో నిలిచిపోయినది. ఈ మాటకు లెక్కలతో బదులు చెప్పరాదు. తల్లిని పోగొట్టుకొన్న పసిబిడ్డలున్న యింటి వాకిట నిలువబడి శాతములు వల్లించువానికి చదువు వచ్చినను వివేకము రాలేదనవలెను. అయినను దుఃఖము నిజమైనంత మాత్రమున దానినుండి తీసిన సిద్ధాంతమును నిజమగునా? అది విచారింపవలసిన విషయము.

శిబిరమనగా నేమి? నిత్యము దొరకవలసిన సేవ నిత్యము దొరకనందున, ఒక దినము నిర్ణయించి, దూరమునుండి వైద్యుని రప్పించి, పల్లెలనుండి జనమును పోగుచేసి, లెక్క పూర్తిచేయు ఏర్పాటు. దానివలన వచ్చు కీడు 2022కు ముందే లోకమెఱిగినది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బిలాసపురము దగ్గఱ ఇట్టి శిబిరమందే ఒక్క దినమున 83 మందికి చికిత్స చేయగా పదిమందికి పైగా స్త్రీలు చనిపోయిరి. దేవికా బిశ్వాసు గారి వ్యాజ్యములో సుప్రీముకోర్టు 2016 సెప్టెంబరు 14న తీర్పు చెప్పుచు, ఇట్టి శిబిరములను మూడేండ్లలో మాన్పవలెననియు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములను బలపఱచవలెననియు ఆదేశించెను. ఆ గడువు 2019తో తీఱినది. ఇబ్రహీంపట్నపు శిబిరము 2022లో జరిగినది.

ఇప్పుడు పాఠకులు తీర్పరులు. ఆ నలుగురు స్త్రీలు సార్వజనిక వైద్యము కలిగియుండుటచేత మరణించిరా, లేకుండుటచేత మరణించిరా? తమ మండలములోనే, తమకు వీలైన దినమున, పరికరములు శుద్ధిచేసికొనుటకు తీరిక యున్న వైద్యుని చేత, ఒకరి తరువాత ఒకరుగా ఆ చికిత్స పొందగల యేర్పాటుండినచో వారు ఆ వరుసలో నుండవలసిన పని యేమి? పురుషునికి చేయు శస్త్రచికిత్స ఇంతకంటె సులువైనది, అపాయము తక్కువైనది. ఐనను ఆ భారమును ఆడుదానిమీదనే మోపుట మన గృహధర్మముగా సాగుచున్నది. ఈ దోషమును కూడ ఆసుపత్రి గోడలకే అంటగట్టుట న్యాయము కాదు. మఱియొక సంగతి: తక్కిన స్త్రీలను చేర్చి చికిత్స చేసినవానిలో పంజగుట్టలోని నిమ్సు ఆసుపత్రి యొకటి. అదియు ప్రజాసంస్థయే. చేటు చేసినదియు కాపాడినదియు రెండును సర్కారువే యైనపుడు, "సర్కారు" అను పేరులో దోషమున్నదనుట తర్కమునకు నిలువదు. ఒకచోట మనుష్యులు, సామగ్రి, తనిఖీ ఉన్నవి, ఒకచోట కొఱవడినవి.

దీనికి ప్రతిపక్షులు, "అందుకే ప్రైవేటు ఆసుపత్రి మేలనుచున్నాము, పైస పెట్టినచోట బాధ్యత యుండును" అని బదులు చెప్పుదురు. కాన్పుల విషయము చూడుడు. 2019-20లో తెలంగాణమున జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ప్రైవేటు ఆసుపత్రులలో ప్రతి నూఱు కాన్పులకు 81 పెద్దాపరేషనులు; ప్రభుత్వాసుపత్రులలో 44. ఒక దేశమున నూటికి పదికి మించి ఇవి పెరుగుటచేత తల్లుల, శిశువుల మరణములు తగ్గినట్లు కనబడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో ప్రకటించినది. ప్రభుత్వాసుపత్రులును ఈ విషయమున నిర్దోషులు కావు. అయినను పైసకును బాధ్యతకును ముడివేయువారు ఆ 81కిని 44కిని నడుమ నున్న యంతరమును వివరింపవలసియున్నది. కత్తికి కూలి యెక్కువైనచోట కత్తికి పనియు నెక్కువగుచున్నది. బేరము తెలియని సరకును కొనువాడు అమ్మువాని మాటనే నమ్మవలెను. నొప్పులు పడుచున్న యాడుదానికి బేరమాడు తీరికయు లేదు.

జనమునకు సర్కారు దవాఖానపై పుట్టుకతో వైరమున్నదనుటయు నిజము కాదు. 2015-16లో తెలంగాణమున నూటికి 30కి కొంచెము పైగా కాన్పులు ప్రభుత్వాసుపత్రులలో జరుగుచుండెను. 2017లో ప్రభుత్వము బాలింతకు మగబిడ్డయైన 12,000, ఆడుబిడ్డయైన 13,000 రూపాయలును, బిడ్డకు వలసిన సామగ్రి పెట్టెయు ఇచ్చు పథకము పెట్టెను. 2019-20 సర్వే నాటికి ఆ సంఖ్య 50కి చేరువయ్యెను. ఇందు డబ్బు ఆశ కొంత పనిచేసి యుండును; కాని ప్రాణభయమున్న చోటికి ఎవరును ఆ మాత్రపు డబ్బు కొఱకు ఆడుబిడ్డను పంపరు. తలుపు సరిగా తెఱచినచో జనము వచ్చెదరని దీనివలన తెలియుచున్నది.

రెండవ వాదము మన చదువరుల యిండ్లలో మఱింత ప్రీతిపాత్రమైనది: "ఉచితముగా వచ్చినదానికి విలువ యుండదు." ఈ వాక్యములో దోషము మాటలోనే యున్నది. సంస్కృతమున ఉచితమనగా తగినది, యుక్తమైనది. తెలుగున ఆ యర్థము నిలిచియుండగనే "వెల లేనిది" అను వేఱొక యర్థము వచ్చి చేరినది. సమయోచితము అన్నపుడు ఎవరును వెలను తలపరు. ఉచితవైద్యము అనగానే అందఱును బిచ్చమును తలతురు. వైద్యము మొదటి యర్థమున ఉచితము. రెండవ యర్థమున అది యెన్నడును ఉచితము కానేరదు. ఏలయన దాని వెల ముందే చెల్లింపబడుచున్నది. కూలివాడు సబ్బుబిళ్ల కొన్నను, చెప్పులజత కొన్నను పన్ను కట్టుచునే యున్నాడు.

ఇబ్రహీంపట్నపు పెద్దచెఱువు కుతుబ్‌షాహీల నాడు కట్టినది. అది నిండిన యేట దానివలన బావులలో ఊరిన నీటికి రైతెవ్వడును వెల కట్టలేదు. వెల కట్టలేదు గనుక ఆ నీటికి విలువ లేదని అతడనునా? మేము పనిచేయు బడిలో పిల్లలు ఫీజు కట్టరు. గణితము వారికి అందుచేత తప్పుగా రాదు. విలువ చెడునది వెల లేకుండుటచేత కాదు, అడుగు హక్కు లేకుండుటచేత. దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కింపరాదని మన సామెత. వైద్యమును దానముగా భావించినంత కాలము రోగి ఆ యావు పళ్లను లెక్కింపలేడు: సూది క్రొత్తదా యని అడుగలేడు, డాక్టరు నేడేల రాలేదని అడుగలేడు. దానమును హక్కుగా మార్చుటయే దీనికి మందు.

మూడవ వాదము ఖర్చు. "మనది పేదదేశము, ఇంత భారమును ఎవరు మోయుదురు?" ఈ భారము ఇప్పుడెవరు మోయుచున్నారో ముందు చూడవలెను. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారము, దేశమున వైద్యమునకైన ప్రతి నూఱు రూపాయల ఖర్చులో గృహస్థులు జేబునుండి నేరుగా ఇచ్చినది 2013-14లో 64 రూపాయలు. 2021-22 నాటికి అది 39కి తగ్గినది. తగ్గుట శుభమే, కాని నేటికిని ఆ భాగము, రోగము వచ్చిన దినమున, అప్పు పుట్టిన చోటినుండి తేవలసిన సొమ్ము. అదే 2021-22లో ప్రభుత్వములన్నియు కలిసి వైద్యమునకు పెట్టినది దేశపు స్థూలోత్పత్తిలో నూటికి 1.84 వంతు. దానిని 2025 నాటికి 2.5 చేయుదుమని 2017 జాతీయ ఆరోగ్యవిధానము పలికినది. కావున వాదము ఖర్చు పెట్టవలెనా వలదా యని కాదు. ఖర్చు ఎట్లును పెట్టుచున్నాము. ఆరోగ్యముగా నున్న దినములలో అందఱును కొంచెము కొంచెముగా పెట్టుటయా, మంచమెక్కిన దినమున ఒక్క యిల్లు పొలమమ్మి పెట్టుటయా యన్నదే ప్రశ్న. బ్రిటను 1948 జూలై 5న అందఱికి వైద్యము ఆరంభించునాటికి యుద్ధపు అప్పులలో మునిగి, రొట్టెను కూడ రేషనుగా పంచుకొనుచుండెను. థాయిలాండు మహాధనిక దేశము కాకయే 2002లో చట్టము చేసి 30 బాట్ల నామమాత్రపు రుసుముతో ఆ పని ఆరంభించెను. ధనము కలిగిన పిమ్మట ధర్మము చేయుదమనువాడు ఏ దేశమందును చేసినట్లు కానరాదు.

వైద్యుల యభ్యంతరము నాల్గవది. దీనికి చరిత్ర యున్నది. బ్రిటనులో 1948 ఫిబ్రవరిలో వైద్యసంఘము ఓట్లు తీయించగా, ఓటు వేసిన వైద్యులలో పదింట తొమ్మండుగురికి దగ్గఱగా ఆ చట్టమును వ్యతిరేకించిరి. ఆ యేడు ముగియకముందే వారిలో అత్యధికులు ఆ సేవలో చేరిరి. కెనడాలో సస్కాచివాన్ రాష్ట్రమున 1962 జూలైలో వైద్యులు 23 దినములు సమ్మె చేసిరి. పదేండ్లలో ఆ పద్ధతియే దేశమంతటను వ్యాపించెను. మన దేశమున రాజస్థానము 2023 మార్చి 21న ఆరోగ్యహక్కు చట్టమును ఆమోదించినపుడు, అత్యవసర స్థితిలో ముందుగా డబ్బు అడుగక చికిత్స చేయవలెనను నియమముపై ప్రైవేటు వైద్యులు వీధికెక్కిరి. ప్రభుత్వము నుండి స్థలము, సాయము పొందని ఆసుపత్రులను చాలవఱకు మినహాయించు ఒప్పందముతో ఏప్రిలు 4న సమ్మె ముగిసినది.

అయినను వైద్యుల మాటలో ఒక్క భాగము న్యాయమైనది. దానిని దాచుట తగదు. ప్రభుత్వము చికిత్స చేయుమని చెప్పి సొమ్ము కాలమునకు చెల్లింపదని వారందురు. బకాయిలు తీఱలేదని తెలంగాణమున ప్రైవేటు ఆసుపత్రులు 2019లోను, మరల 2025లోను ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేసినవి. మాట ఇచ్చి చెల్లింపని ప్రభుత్వము సార్వజనిక వైద్యమునకు శత్రువులు చేయలేని చేటు తానే చేయుచున్నది. అట్లని ఆసుపత్రికిని సర్కారుకును గల లెక్కల తగవులో రోగిని తాకట్టు పెట్టుట వైద్యధర్మము కాదు.

ఇక్కడ ఐదవ వాదము ముందుకు వచ్చును: "ఆరోగ్యశ్రీ ఉన్నది గదా, ఇంక కొఱత యేమి?" 2007 ఏప్రిలు 1న మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై రాష్ట్రమంతట వ్యాపించిన ఈ పథకమువలన గుండెజబ్బుల పసిపిల్లలు, మూత్రపిండములు చెడినవారు ఎందఱో బ్రతికిరి, కృతజ్ఞత చెప్పవలసినదే. 2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వము దాని పరిమితిని పది లక్షలకు పెంచెను. కాని దీని స్వభావము గమనింపుడు. ఇది రోగము ముదిరిన పిమ్మట పలుకరించును. రక్తపుపోటునకు నెలనెల మాత్ర, మధుమేహమునకు పరీక్ష, కుక్క కఱచిన రాత్రి సూది, చలిజ్వరపు మందు – ఇవి పల్లెలో దొరకవలసినవి. ఇవి ఈ కార్డు వ్యవహారము కావు. మాత్ర దొరకక పక్షవాతము వచ్చినవానికి పది లక్షల పరిమితి చూపుట, చెఱువు కట్ట తెగిన తరువాత పడవలు పంచుటవంటిది. 1943లో ఏర్పడి 1946లో నివేదిక యిచ్చిన భోరు కమిటీ, ఖర్చు పెట్టుకొనలేని కారణముచేత ఏ మనుష్యుడును వైద్యము లేక పోరాదని చెప్పుటతో ఆగలేదు; ఆ వైద్యము ప్రజలకు వీలైనంత దగ్గఱగా ఉండవలెననియు చెప్పినది. ఆ రెండవ మాటను మనము సౌకర్యముగా మఱచితిమి.

ఇంతవఱకు చెప్పిన అయిదు వాదములకును వెనుక, పైకి చెప్పని యాఱవది యొకటి కలదు. మా విమర్శకు అదియే ముఖ్యలక్ష్యము. మన ఉద్యోగస్థులకు, ఉపాధ్యాయులకు, పింఛనుదారులకు ఉమ్మడి రాష్ట్రమున 2013లో ఆరోగ్యపథకము ఏర్పడినది. చందా లేకయే దానిని ఇచ్చుటకు 2014లో తెలంగాణ ప్రభుత్వము ఉత్తరువు చేసినది. "ఉచితముగా వచ్చినదానికి విలువ యుండదు" అని చెప్పి ఏ ఉద్యోగియైనను తన కార్డును తిరిగి యిచ్చినట్లు మేము వినలేదు. ఆసుపత్రులు ఆ కార్డును మన్నించుట లేదని మొఱపెట్టితిమి, సంఘములచేత తీర్మానములు చేయించితిమి. అది సరియే, హక్కు గలవాడు అట్లే అడుగవలెను. కాని మనము హక్కుగా అడుగుదానినే కూలివాడు అడిగినపుడు సోమరితనమందుము, దేశము దివాలా తీయుననుదుము. అందఱికి వైద్యము వలదనువారిలో పెక్కుమందికి వైద్యము ముందే కలదు. వారు కాదనునది వైద్యమును కాదు. "అందఱికి" అను మాటను.

ఆ మాటయే ప్రాణము. పేదల కొఱకు మాత్రమే యున్న సంస్థ పేదదిగానే ఉండును. నోరుగలవారు వాడని దవాఖానలో పైకప్పు కారినను వార్త కాదు. డాక్టరు పదవి ఖాళీగా నున్నను అర్జీ వ్రాయువాడు లేడు. శిబిరమున శుద్ధినియమము తప్పినను నలుగురు చనిపోవువఱకు అడుగువాడు లేడు. అడుగుట యెఱిగినవారు అప్పటికే పట్నపు ఆసుపత్రికి పోయి యుందురు. మనము వెడలిపోయితిమి గనుక అది చెడినది. చెడినది గనుక వెడలితిమని చెప్పుకొనుచున్నాము. బడుల విషయమున జరిగినదియు ఇదియే గనుక ఉపాధ్యాయులకు దీనిని వేఱుగా బోధింప నక్కఱలేదు.

సంస్కరణమును కోరు గృహస్థులు ఉపన్యాసములకంటె ముందు చేయదగిన పని యున్నది. ఇంటి బిడ్డ టీకాకు, పెద్దల రక్తపుపోటు పరీక్షకు మన మండలములోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకే పోవలెను. కూలికి పోవు అవ్వ వెనుక వరుసలో నిలువవలెను. మంచాలవారు మంచాలలో, యాచారమువారు యాచారములో ఈ పని చేయవచ్చును. మందు లేదన్నచో ఎప్పటినుండి లేదో అడిగి వ్రాసికొనవలెను. పరికరములను ఆవిరితో శుద్ధిచేయు యంత్రము పనిచేయుచున్నదా, ఆ పని చేసినవారు పుస్తకములో దినమును వ్రాయుచున్నారా యని చూచి, లేనిచో జిల్లా వైద్యాధికారికి అర్జీ పెట్టవలెను. మరల శిబిరమను పేరు వినబడినచో, అది ఏల అవసరమైనదని గ్రామసభలో అడుగవలెను. చదువుకొన్న పదిమంది యిండ్లు ఒక సంవత్సరము ఇట్లు చేసినచో ఆ దవాఖానలో వచ్చు మార్పును వరుసలోని అవ్వయే ముందుగా గుర్తించును. అప్పుడు మన ఆక్షేపణలలో ఏవి నిలుచునో, ఏవి కూలునో మరల విచారింతము.